హన్మకొండలోని మా ఆడిట్ ఆఫీసుకు ఫైర్‌వాల్ పెట్టిన అనుభవం

మిర్చి సీజన్ జోరుగా సాగుతున్న ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఎనుమాముల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసే మా క్లయింట్ ఒకరు తన కంప్యూటర్‌ను ఆటోలో వేసుకొని హన్మకొండలోని మా ఆఫీసుకు వచ్చారు. "సార్, లెక్కలు ఒక్కటి గూడ తెరుచుకుంటలెవ్వు" అన్నారు. టాలీ డేటా ఉన్న ఫోల్డరు తెరిచి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర అర్థం కాని అక్షరాల తోక ఉంది, పక్కనే డబ్బు అడుగుతూ రాసిన ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంది. విండోస్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరుతో, అంటే విఫలమైన లాగిన్ ప్రయత్నాలుగా, వేల వరుసలు కనిపించాయి. అవన్నీ రాత్రిళ్లు, నిమిషానికి పదుల చొప్పున వచ్చినవి. వాటి చివర 4624 నంబరుతో ఒకే ఒక్క వరుస ఉంది. ఆ ఒక్కటి సఫలమైన లాగిన్. ఇంటి నుంచి లెక్కలు చూసుకోవడానికి ఎవరో రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 పోర్టును, అంటే బయటి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే ఒక నంబరు తలుపును, ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టారు, పాస్‌వర్డేమో దుకాణం పేరే. నెలన్నర కిందటి పెన్‌డ్రైవ్ బ్యాకప్ ఒకటి దొరకడంతో అక్కడి నుంచి తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర రాసిన చీటీలు) ముందు వేసుకొని మళ్లీ ఎంట్రీలు కొట్టడానికి మా వాళ్లు ఇద్దరికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ పన్నెండు రోజుల్లోనే మా ఆడిటర్ సార్ నన్ను పిలిచి, "మన దగ్గర గిట్లనే అయితే ఎట్ల?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రెండు వందలకు పైగా క్లయింట్ల పాన్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ లాగిన్లు మా సర్వర్‌లో ఉంటాయి. ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసేది నేనే కాబట్టి, ఆ బాధ్యత కూడా నాదే అయింది.

ఫైర్‌వాల్ పెట్టె, అంటే నెట్‌వర్క్‌లోకి వచ్చేదాన్నీ పోయేదాన్నీ కాపలా కాసేది, కొనడానికి ముందు, ఆఫీసులో నెట్‌వర్క్‌కు కలిసి ఉన్నవి ఏమిటో రాసుకుందామని కూర్చున్నాను. నా లెక్క ప్రకారం పద్నాలుగు ఉండాలి. నెట్‌వర్క్‌లోని యంత్రాలను వెతికే ఎన్‌మ్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ చేస్తే ముప్పై ఒకటి తేలాయి. కేబుల్ పట్టుకొని గది గదికీ తిరిగి చూస్తే, సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె), హాజరు వేసే వేలిముద్ర యంత్రం, రెండు ప్రింటర్లు, సార్ గదిలోని టీవీ, స్టాఫ్ ఫోన్లు, మూలన స్కానర్ కోసం మాత్రమే వాడే ఒక విండోస్ 7 కంప్యూటర్ బయటపడ్డాయి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్‌లో కనిపించిన రెండు పాత సెట్టింగులు. ఒకటి డీవీఆర్ కోసం, రెండోది సర్వర్ రిమోట్ డెస్క్‌టాప్ కోసం ఎప్పుడో తెరిచిన దారులు. ఎనుమాముల క్లయింట్‌ను ముంచిన 3389 తలుపు మా ఆఫీసులోనూ ఉంది. అది ఆ రోజు పని చేయకపోవడానికి కారణం వేరే ఉందని తరువాత తెలిసింది, దాని సంగతి తరువాత చెబుతాను.

నెట్‌వర్క్ భద్రతలో మొదటి పని ఈ జాబితాయే అని నేను గట్టిగా నమ్ముతాను. ఏ యంత్రం ఎవరితో మాట్లాడాలో మనకే తెలియనప్పుడు, ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ అయినా దేన్ని ఆపాలో దానికి ఎవరూ చెప్పలేరు. ప్రతి యంత్రానికీ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య), ఉన్న గది, వాడే మనిషి, దానికి నిజంగా కావలసిన దారి అన్న నాలుగు గళ్లతో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకమే తరువాత నెలల తరబడి నా చేతిలో ఉంది.

సాఫ్ట్‌వేర్‌గా ఓపీఎన్‌సెన్స్ ఎంచుకున్నాను. 2004లో మోనోవాల్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ నుంచి విడివడి పీఎఫ్‌సెన్స్ పుట్టింది. దాని నుంచి 2015 జనవరిలో విడివడినది ఓపీఎన్‌సెన్స్. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది, లైసెన్సు రుసుము లేదు, ఏటా జనవరిలోనూ జూలైలోనూ పెద్ద విడుదలలు, మధ్యలో తరచుగా చిన్న అప్‌డేట్లు వస్తాయి. ఏటా లైసెన్సు కట్టించుకునే కంపెనీ పెట్టెలను కూడా చూశాను, అవి చెడ్డవని నేను అనను. అయితే లైసెన్సు గడువు తీరాక అప్‌డేట్లు ఆగిపోయిన పెట్టెను మా క్లయింట్ల ఆఫీసుల్లో ఒకచోట కళ్లారా చూశాను కాబట్టి, ఆ దారి మాకు వద్దనిపించింది. ఫ్యాన్ లేని, కేబుళ్లు తగిలించే నాలుగు నెట్‌వర్క్ పోర్టులున్న ఒక చిన్న కంప్యూటర్, దానికి తోడుగా వీలాన్లు (ఒకే స్విచ్‌లో విడివిడిగా ఉండే నెట్‌వర్క్‌లు) చేయగల పదహారు పోర్టుల స్విచ్ కొన్నాము. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్‌గా జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకున్నాను. వేసవిలో కరెంటు పోయి వచ్చే మా ప్రాంతంలో, ఉన్నట్టుండి ఆగిపోయినా డిస్కు మీది సమాచారం చెడకుండా ఉండటానికి అదే మేలైనది.

పని ఎప్పుడు చేయాలన్నది కూడా మాలాంటి ఆఫీసులో చిన్న విషయం కాదు. నెలనెలా 11వ తేదీన జీఎస్‌టీఆర్-1, 20వ తేదీన జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్నుల గడువులు ఉంటాయి. ఆ తేదీలకు ముందు రెండు రోజులు నెట్ ఆగితే క్లయింట్లకు ఆలస్య రుసుము పడుతుంది. కాబట్టి 21వ తేదీ దాటిన తరువాతి ఆదివారాన్ని ఎంచుకున్నాను. ఆనాటి నుంచి ఈనాటి వరకు పెద్ద మార్పు ఏదైనా నెలలో 21 నుంచి 30 మధ్యనే చేస్తున్నాను.

మొదటి అడ్డంకి పది నిమిషాల్లోనే వచ్చింది. ఓపీఎన్‌సెన్స్ లోపలి వైపు అడ్రస్ మొదటగా 192.168.1.1 అని ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీ రూటర్ అడ్రస్ కూడా అదే. రెండు వైపులా ఒకే వరుస అడ్రసులు ఉంటే ఏ ప్యాకెట్ (సమాచారపు చిన్న మూట) ఎటు పోవాలో ఫైర్‌వాల్‌కు తెలియదు. అందువల్ల లోపలి అడ్రసులన్నీ 10.20తో మొదలయ్యేటట్లు మార్చాను. ఇళ్లలోని రూటర్లలో ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 వరుసలే ఉంటాయి కాబట్టి, తరువాత ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) ద్వారా వచ్చేవారికి కూడా ఈ మార్పు వల్ల చిక్కు తప్పింది. ఆ పైన కంపెనీ రూటర్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే సమాచారాన్ని అటూ ఇటూ దాటించడం వరకే చేసేటట్లు పెట్టించి, ఇంటర్నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకొని ఫైర్‌వాల్‌తోనే నేరుగా లాగిన్ చేయించాను. దీనితో పాత రూటర్‌లో మిగిలిన ఆ రెండు దారులు కూడా మూతపడ్డాయి.

వీలాన్లను ఐదుగా విభజించాను. స్టాఫ్ కంప్యూటర్లకు 10, సర్వర్‌కు 20, ప్రింటర్లకూ స్కానర్ కంప్యూటర్‌కూ 30, కెమెరాలకూ హాజరు యంత్రానికీ 40, ఫోన్లకూ వచ్చిపోయే క్లయింట్లకూ 50. అడ్రస్‌లోని మూడో సంఖ్య వీలాన్ నంబరే అయ్యేటట్లు పెట్టుకోవడం వల్ల 10.20.40.10 అని లాగ్‌లో చూడగానే అది కెమెరాల వైపు నుంచి వచ్చిందని తెలిసిపోతుంది. స్విచ్‌లో ఈ విభజన చేస్తున్నప్పుడు, నా ల్యాప్‌టాప్ ఉన్న పోర్టునే వేరే వీలాన్‌లోకి మార్చడంతో స్విచ్ నాకు అందకుండా పోయింది. పిన్నుతో రీసెట్ నొక్కి, గంటన్నర చేసిన పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఆ తరువాత ఫైర్‌వాల్ నాలుగో పోర్టును ఏ వీలాన్‌కూ ఇవ్వకుండా, నిర్వహణకు మాత్రమే అని ఎర్ర టేపు చుట్టి విడిగా ఉంచాను. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారెవరైనా అన్నిటికంటే ముందు ఆ పోర్టును పక్కన పెట్టుకోవాలని కోరుతాను.

అసలు కష్టం దేన్ని ఆపాలో, దేన్ని పోనివ్వాలో చెప్పే రూల్స్ దగ్గర మొదలైంది. కొత్తగా పెట్టిన ఫైర్‌వాల్ బయటి నుంచి పిలవకుండా వచ్చే ప్రతిదాన్నీ ఆపుతుంది, కాని లోపలి నుంచి బయటికి పోయే ప్రతిదానికీ గంపగుత్తగా అనుమతి ఇచ్చి ఉంచుతుంది. చాలా ఆఫీసులు అక్కడే ఆగిపోయి, ఫైర్‌వాల్ ఉందన్న ధైర్యంతో ఉంటాయి. ఈమెయిల్‌లో వచ్చిన ఒక ఫైలును ఎవరో తెరిచారనుకుంటే, అది తన యజమానితో మాట్లాడటానికి లోపలి నుంచే బయలుదేరుతుంది, పక్క కంప్యూటర్లకు లోపలి నుంచే పాకుతుంది. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన వన్నాక్రై కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది ఫైళ్లు పంచుకునే 445 పోర్టు మీదుగానే. దానికి మందుగా పనిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. కాబట్టి లోపలి వీలాన్ల మధ్య గోడలు కట్టడమే నా ముఖ్యమైన పనిగా పెట్టుకున్నాను.

ఇందులో రెండు విషయాలు నా తలకెక్కడానికి సమయం పట్టింది. మొదటిది, ప్యాకెట్ ఏ వైపు నుంచి ఫైర్‌వాల్‌లోకి అడుగుపెడుతుందో ఆ వైపునే రూల్ రాయాలి. ఫోన్ల వైపు నుంచి సర్వర్‌కు ఎవరూ పోకూడదంటే ఆ అడ్డు 50వ వీలాన్‌లో ఉండాలి, సర్వర్ ఉన్న 20లో కాదు. రెండోది, రూల్స్‌ను పై నుంచి కిందికి చూస్తూ, సరిపోయిన మొదటి దాని దగ్గరే ఫైర్‌వాల్ ఆగిపోతుంది. 50వ వీలాన్‌లో నేను మొదట రాసిన వరుసలో "ఎక్కడికైనా పోవచ్చు" అన్నది పైన, "లోపలి అడ్రసులకు పోరాదు" అన్నది కింద ఉన్నాయి. కింది రూల్ వంతు ఒక్కసారి కూడా రాలేదు. నా ఫోన్‌ను ఆ వై-ఫైకి కలిపి సర్వర్ అడ్రస్ కొట్టి చూసినందువల్లనే ఆ తప్పు పట్టుబడింది. ఇప్పుడు ఆ వరుస ఇలా ఉంది: డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరుకు అడ్రస్ చెప్పే సేవ) కోసం ఫైర్‌వాల్‌ను అడగవచ్చు, ఆ తరువాత 10, 172.16, 192.168 లోపలి అడ్రసుల వరుసలన్నిటికీ అడ్డు, ఆ తరువాతే బయటి ఇంటర్నెట్‌కు అనుమతి. రాసిన ప్రతి రూల్‌నూ, అది ఆపవలసినది నిజంగా ఆగిందో లేదో చేసి చూసిన తరువాతే నోటు పుస్తకంలో టిక్కు పెట్టాను.

డీవీఆర్ విషయంలో జరిగింది వివరంగా చెప్పాలి. మొదటి వారం పనులు ఆగకూడదని 40వ వీలాన్‌కు బయటికి పోయే అనుమతి ఉంచాను. రెండో ఆదివారం దాన్ని తీసివేశాను. లాగ్ తెరిచి కూర్చున్నాను, ఆపినవాటికి చూపే ఎర్ర వరుస ఒక్కటీ రాలేదు. సార్ ఫోన్‌లోని యాప్ తెరిచి చూస్తే కెమెరాలు ఎప్పటిలాగే కనిపిస్తున్నాయి. మెట్ల దగ్గరి కెమెరాలో వాచ్‌మన్ ఊడుస్తూ కదలడం కూడా కనిపిస్తోంది. రూల్ తప్పా అని అరగంట సేపు మళ్లీ మళ్లీ చదివాను. చివరికి స్టేట్ పట్టిక తెరిస్తే సంగతి తెలిసింది. ఒకసారి అనుమతితో మొదలైన సంభాషణను ఫైర్‌వాల్ గుర్తుంచుకుంటుంది. ఆ గుర్తు చెరిగిపోయే వరకు కొత్త రూల్‌ను దానికి వర్తింపజేయదు. 10.20.40.10 నుంచి ఎక్కడో ఉన్న ఒక బయటి అడ్రస్‌కు ఒక వరుస బతికే ఉంది, దాని పక్కన బైట్ల సంఖ్య నా కళ్ల ముందే పెరుగుతోంది. ఆ వరుసను తుడిచేశాను. ఫోన్‌లో వాచ్‌మన్ చీపురుతో వంగిన చోటనే బొమ్మ ఆగిపోయింది. మరుక్షణం లాగ్‌లో డీవీఆర్ ప్రయత్నాలు కొన్ని సెకండ్లకొకటి చొప్పున ఎర్రగా వరుస కట్టాయి. అడ్డు రూల్ రాసిన ప్రతిసారీ పాత స్టేట్‌లను కూడా తుడవాలని పుస్తకం అట్ట లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

సోమవారం ఉదయం "అన్నా, ప్రింట్ ఒస్తలేదు" అన్న మాటలతోనే మొదలైంది. ప్రింటర్లు వేరే వీలాన్‌లోకి పోవడంతో కంప్యూటర్లు వాటిని తమంతట తాము కనిపెట్టలేకపోయాయి. అడ్రస్ నేరుగా ఇచ్చి, 10 నుంచి 30కి 9100 పోర్టు మాత్రం తెరిస్తే సరిపోయింది. విదేశీ అడ్రసులన్నిటినీ ఆపితే మంచిదన్న ఆలోచనతో దేశాల వారీ అడ్డు ఒకటి పెట్టాను గాని, మేము రోజూ వాడే ఒక పోర్టల్‌కు బొమ్మలూ బటన్లూ విదేశీ సర్వర్ల నుంచి రావడం వల్ల పేజీ ఉత్త అక్షరాలతో తెరుచుకుంది. అదే రోజు దాన్ని తీసివేశాను. బయటి నుంచి వచ్చేవాటికి అటువంటి అడ్డు పనికి వస్తుంది, లోపలి నుంచి పోయేవాటికి అది తెచ్చే మేలు కంటే చిక్కులే ఎక్కువ.

సార్ ఇంటి నుంచి కెమెరాలూ సర్వర్ ఫైళ్లూ చూడాలి కాబట్టి వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టాలనుకున్నాను. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫోన్ నుంచి ఒక్క ప్యాకెట్ కూడా లోపలికి చేరలేదు. అప్పుడు ఫైర్‌వాల్ బయటి వైపు అడ్రస్ గమనించాను. అది 100తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసను ఇంటర్నెట్ కంపెనీలు ఒకే అడ్రస్ వెనుక ఎందరో వినియోగదారులను ఉంచడానికి వాడుకుంటాయి. ఆ వెనుక ఉన్నవారిని బయటి నుంచి ఎవరూ చేరలేరు. పాత రూటర్‌లోని 3389 దారి మమ్మల్ని ముంచకుండా ఉన్నది ఇందువల్లనే. అది మా అదృష్టమే గాని మా జాగ్రత్త కాదు. ఫైర్‌వాల్ లేకుండా, ఆ పాత సెట్టింగులు అలాగే ఉండగా, ఏ అవసరానికో స్టాటిక్ ఐపీ (బయటి నుంచి చేరగల, మారని సొంత అడ్రస్) తీసుకొని ఉంటే ఆ రోజే సర్వర్ తలుపు ప్రపంచానికి తెరుచుకొని ఉండేది. స్టాటిక్ ఐపీకి విడిగా రుసుము కట్టి తీసుకున్న సాయంత్రం, చాయ్ తాగి వచ్చేలోగా లాగ్‌లో 23, 445, 3389 పోర్టులను తడుతూ ఎక్కడెక్కడి అడ్రసులో నిండిపోయాయి. బయటికి మేము తెరిచి ఉంచింది వైర్‌గార్డ్ యూడీపీ పోర్టు ఒక్కటే. సరైన తాళంచెవి లేకుండా వచ్చిన ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు కాబట్టి, అక్కడ ఒక తలుపు ఉన్నట్టు కూడా తట్టినవాడికి తెలియదు.

లాగ్‌ల విషయంలో చట్టం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వ్యాపార, వృత్తి సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, ఆదేశాలలో చెప్పిన సైబర్ సంఘటనలను గమనించిన 6 గంటల లోపు తెలియజేయాలి, గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతో కలపాలి. ఎనుమాముల క్లయింట్ వచ్చిన రోజున ఈ 6 గంటల సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఫైర్‌వాల్ టైమ్‌ను ఎన్ఐసీ సర్వర్లకు కలిపి, మిగతా యంత్రాలన్నీ ఫైర్‌వాల్‌నే టైమ్ అడిగేటట్లు చేశాను. చూస్తే డీవీఆర్ గడియారం పదకొండు నిమిషాలు వెనుక ఉంది. లాగ్‌లు పెట్టెలోనే ఉంటే డిస్కుతోపాటే పోతాయి కాబట్టి, ఒక పాత కంప్యూటర్‌కు పెద్ద డిస్కు తగిలించి సిస్‌లాగ్ ద్వారా అక్కడికి పంపుతున్నాను. ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ మ్యాక్ అడ్రస్ ఆధారంగా స్థిరమైన ఐపీ ఇచ్చాను గాని, ఫోన్లకు ఆ పద్ధతి నిలవలేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ బదులు కల్పిత అడ్రస్ చూపుతాయి. అందుకే ఫోన్లన్నీ 50లోనే ఉంటాయి, మా సొంత ఫోన్లు కూడా.

సురికాటా అనే చొరబాటు గుర్తింపు ఏర్పాటును ఇప్పటికీ హెచ్చరిక వరకే ఉంచాను, ఆపే అధికారం ఇవ్వలేదు. ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉండే ఈ రోజుల్లో అది చూడగలిగేది కొంతే.

బ్యాకప్ మాటకొస్తే, ఓపీఎన్‌సెన్స్ సెట్టింగులన్నీ ఒకే ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉంటాయి. మార్పు చేసిన ప్రతిసారీ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి రెండు చోట్ల దాస్తున్నాను. ఒక ఆదివారం అది నిజంగా పనికి వస్తుందో లేదో చూద్దామని పాత డెస్క్‌టాప్‌లో అదనపు నెట్‌వర్క్ కార్డు పెట్టి ఆ ఫైలును ఎక్కించాను. కొత్త పెట్టెలో పోర్టుల పేర్లు ఐజీసీ0, ఐజీసీ1 అని ఉండగా ఇక్కడ వేరే పేర్లు ఉండటంతో ఏ పోర్టు దేనికో చేత్తో మళ్లీ కేటాయించవలసి వచ్చింది. నలభై నిమిషాల్లో ఆఫీసు లేచింది. ఆ క్రమమంతా కాగితం మీద రాసి, పాస్‌వర్డ్‌తో సహా సీలు వేసిన కవరులో సార్ బీరువాలో పెట్టాను. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ నగరంలోకి వరద నీళ్లు వచ్చిన తీరు చూసినవాళ్లం కాబట్టి, పెట్టెనూ స్విచ్‌నూ యూపీఎస్‌నూ నేల మీద ఉంచకుండా గోడకు ఛాతీ ఎత్తున బిగించాము.

ప్రతిరోజూ పొద్దున పదిహేను నిమిషాలు లాగ్ చదవడం మా ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేస్తున్న ఒక అమ్మాయికి కూడా నేర్పించాను. సెప్టెంబర్ 30 గడువు కోసం ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులతో అందరం తలమునకలై ఉన్న ఒక ఉదయం ఆమె వచ్చి, "అన్నా, మీ పుస్తకంల లేని అడ్రస్ ఒకటి పదో నంబర్ల కనిపిస్తుంది, రాత్రి తొమ్మిది గంటల నుంచి" అన్నది. ఇద్దరం స్విచ్‌లో ఆ మ్యాక్ ఏ పోర్టు మీద ఉందో చూసి, ఆ కేబుల్ వెంట మీటింగ్ గదికి పోయాము. బల్ల కింద, గోడ పోర్టుకు తగిలించిన ఒక చిన్న వై-ఫై రూటర్ ఉంది. ముందు రోజు రాత్రి వరకు పని చేసిన బయటి ఆడిట్ బృందంలో ఎవరో ఫోన్‌కు సిగ్నల్ సరిగా అందక పెట్టుకొని, తీయడం మరిచిపోయారు. దాని ద్వారా ఎవరు కలిసినా నేరుగా స్టాఫ్ వీలాన్‌లోకే వచ్చేవారు. రూటర్ తీసి పక్కన పెట్టి, మీటింగ్ గదిలోని రెండు గోడ పోర్టులనూ 50కి మార్చాము, ఖాళీగా ఉన్న మిగతా ఐదింటినీ స్విచ్‌లోనే మూసివేశాము. పుస్తకంలో ఆ తేదీ కింద ఎంట్రీ ఆమె చేతే రాయించాను.